మూడో లెవెల్లో మిగిలిపోయిన ఏడు

ఆ రోజుల్లో నా దృష్టిలో ప్రపంచంలోని మనుషులు రెండు రకాలు: నా ఆటకు అభిప్రాయం రాసినవాళ్లు, ఇంకా రాయవలసినవాళ్లు. ఇంజనీరింగు అయిపోయి గోదావరిఖనిలో బాపుకు బొగ్గు గనుల కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో కూర్చున్న నేను, అమ్మ మిరపకాయలు ఎండబెట్టే మంచాన్ని ఆఫీసుగా ప్రకటించి, ఎనిమిది నెలలు కష్టపడి ఫోన్లో ఆడే అంకెల ఆట ఒకటి తయారుచేశాను. ధర ఒక చాయ్, రెండు సమోసాలంత. గనిలో ఒకటి నుంచి తొమ్మిది లోపు అంకెలు, ఒక్కో లెవెల్లో కొన్ని కొన్ని, నిలబడి ఉంటాయి. కలిపితే పది అయ్యే రెండింటిని పట్టుకుంటే, మనుషుల్ని దించి ఎక్కించే ఇనుప కేజ్ వచ్చి వాటిని పైకి తీసుకెళుతుంది. అన్నీ జత కుదరకపోయినా ఫర్వాలేదు, ఒక్కటి లోపల మిగిలినా గెలిచినట్టే. నాకు ఇది మహా మేధావి పనిలా కనిపించేది. బాపుకు మాత్రం కనిపించలేదు. "దసరా దాక చూస్త బిడ్డా. గప్పటికి నీ ఆటకు మంచి పేరొస్తే గదే చేసుకో. రాకపోతే కొలువు పరీక్షలకు కూసోవాలె" అన్నాడు. మంచి పేరంటే ఏమిటని అడిగితే నేనే గొప్పగా, ఐదు చుక్కలని, అంటే ఫైవ్ స్టార్ రేటింగని చెప్పాను. (ఎవరూ అడక్కుండానే గోతి తవ్వుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.)

ఇక అభిప్రాయాల వేట మొదలైంది. ఎదురింటి అక్క ఆట తెరవకుండానే "చాలా రుచిగా ఉంది" అని రాసి ఐదు చుక్కలిచ్చింది. ఏ దేశం వాళ్లో తెలియని కొందరు "బాగుంది, కానీ మరీ సులువు, చాయ్ చల్లారేలోగా అయిపోయింది" అనే అర్థం వచ్చేట్టు రాసి నాలుగిచ్చారు. నేను గాల్లో తేలుతుండగా శ్రీరాంపూర్ నుంచి దెబ్బ పడింది. అక్కడ గనిలో పనిచేసే మా అక్క మొగుడు, అంటే మా బావ, తన షిఫ్టు వాళ్లందరిచేతా ఆట కొనిపించాడు. వాళ్లందరూ వరసగా ఒక్కో చుక్క ఇచ్చారు. "బొమ్మలు మంచిగున్నయి. మూడో లెవెల్ల ఏడు బయటికొస్తలేదు" అని ఒకరు. "నెల రోజులాయె, ఏడు గక్కడనే ఉన్నది" అని ఇంకొకరు. "చేసినోళ్లకు దయ లేదు" అని మరొకరు. అది రాసింది మా బావే.

చాయ్ చల్లారేలోగా పరాయివాళ్లు ముగించే ఆటలో, రోజూ బొగ్గు కొండల్ని పిండి చేసే మనుషులు నెల రోజులు ఇరుక్కోవడమేమిటి? కోపం కంటే ముందు నాకు దాని సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది. ఫోన్లు పాడా, వేళ్లు మొద్దా అని పుస్తకంలో పది కారణాలు రాసుకుని (అన్నీ వాళ్ల తప్పులే, నాది ఒక్కటీ లేదు) ఆదివారం బస్సెక్కి అక్క ఇంటికి వెళ్లాను. బావ పక్కన కూర్చుని మూడో లెవెల్ ఆడమన్నాను. ఆయన చకచకా జతలు కలిపాడు, జతకు మూడు దొరకని ఏడు ఒక్కటే మిగిలింది. కేజ్ దిగింది, ఎక్కింది. తెర మీద 'గెలిచారు' అని పడింది. ముందుకు వెళ్లే బటన్ మెరిసింది. బావ దాన్ని చూడను కూడా చూడకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

"బావా, గెలిచినవ్ గద. ముందుకు పో."

"ఎట్ల పోవాలె? ఏడు లోపల ఉన్నది."

"ఉంటే ఏమైతది? అది అంకె."

బావ ఫోన్ పక్కన పెట్టి, నేను ఏదో అనరాని మాట అన్నట్టు చూశాడు. "గది ఉండంగ గెలిచినవని ఎవడు జెప్పిండు నీకు? మీ బాపును అడుగుపో" అన్నాడు.

అడగనక్కర లేకపోయింది, తిరుగు బస్సులోనే గుర్తొచ్చింది. బాపు పని లాంప్ రూంలో. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నెత్తికి పెట్టుకునే లైటు ఇవ్వడం, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకోవడం. ఒక్క లైటు రాకపోయినా, అది తీసుకున్న మనిషి ఎక్కడున్నాడో తేలేదాకా ఎవరికీ ఊపిరాడదు. ఒకసారి బాపు ఎంతకీ ఇంటికి రాక అమ్మ కంగారుపడితే, తర్వాత తేలింది: ఒకాయన నెత్తి మీద లైటుతోనే క్యాంటీన్‌కు వెళ్లి తీరిగ్గా పూరీలు తింటున్నాడట. బాపు ఆయన్ని తిట్టలేదు, పక్కన కూర్చుని తానూ రెండు పూరీలు తిన్నాడట. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన నేను, ఒకదాన్ని లోపల వదిలేసి గెలిచారని రాశాను. నాకు నిజంగా సిగ్గేసింది.

"ఏం కాదు, బటన్ నొక్కండి" అని బావ జట్టుకు ఒక్క మాట చెబితే నా చుక్కలు పెరిగేవే. చెప్పడానికి నోరు రాలేదు. పదిహేను రోజులు కూర్చుని ఆట మార్చాను. కేజ్ దిగి ఎక్కడానికి ఇన్నే విడతలని లెక్క పెట్టాను; చివరి విడత ఒకటి మిగుల్చుకుంటే, జత లేని అంకె కూడా ఒంటరిగా పైకి వస్తుంది. రాకపోతే గెలుపు లేదు. శ్రీరాంపూర్ ఒక్కో చుక్క నుంచి ఐదుకు ఎగిరింది. "ఏడు వచ్చింది, అందరం చాయ్ తాగినం" అని బావ రాశాడు. పరాయివాళ్లు మండిపడ్డారు. "ఇదివరకు హాయిగా ఉండేది, ఆ ఏడు అక్కడే ఉంటే ఎవరికి నష్టం?" అని రాసి ఒకటి, రెండు చుక్కలకు దిగిపోయారు. ఇటు పెరిగింది అటు తరిగి, మొత్తం మీద మూడు దగ్గర నిలిచింది.

దసరా వచ్చింది. పరీక్షల పుస్తకాలు నేనే తెచ్చి బల్ల మీద పెట్టుకుని, బాపు అడగకముందే ముందర నిలబడ్డాను. జరిగిందంతా చెప్పాను. బాపు అంతా విని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఎన్ని చుక్కలొచ్చినయి?"

"మూడు, బాపు."

"ఎన్ని రావాలె?"

"ఐదు."

"అయితే ఇంక రెండు లోపలనే ఉన్నయి" అన్నాడు. "గవి వచ్చినంక మాట్లాడుదాం. పో, బువ్వ తిను."

ఆ పుస్తకాలు తర్వాత ఎవరికిచ్చానో కూడా గుర్తు లేదు. ఐదు చుక్కలంటే జీవితమనుకున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. బాపు రిటైరయ్యాడు. నేను ఇంకా అంకెల ఆటలే చేస్తున్నాను. ఎప్పుడైనా ఫోన్ చేసి "వచ్చినయా?" అని అడుగుతాడు. "ఇంకా రాలే బాపు" అంటాను. "రానియ్, నేనున్న గద" అంటాడు.