వంచితే పండే టమోటా

పుంగనూరులో లక్ష్మీపతి ప్రెస్సుకు వెళ్లి, ఈడ కాగితం వేస్టు కాకుండా ఎవరు చూస్తారని అడిగితే అందరూ అనిత పేరే చెబుతారు. రామసముద్రం దగ్గరి పల్లెలో, టమోటా చేలల్లో కూలి చేసిన మారెమ్మ కూతురు ఆమె. బైండింగులో మడతలు పెట్టే పనికి చేరి, పదేళ్లలో నాలుగు రంగుల ఆఫ్‌సెట్ మిషన్‌కు ఆపరేటర్ అయింది. పది కార్డులు పట్టే షీటులో పన్నెండు పట్టించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆ సంగతి ఆమెకు కొంచెం ఎక్కువగానే తెలుసు.

ఈ మధ్య ఆ మిషన్‌కు పని తగ్గింది. కుప్పం నుంచి ఒక ఆసామి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, కొంటానని చెప్పిపోయాడు. లక్ష్మీపతి ఔననలేదు, కాదనలేదు. అంతలో టమోటా నారు అమ్మే మదనపల్లె నర్సరీవాళ్లు వచ్చి కొత్తరకం కార్డు అడిగారు. నిటారుగా పట్టుకుంటే పచ్చికాయ, కాస్త వంచితే ఎర్రటి పండు కనబడాలి. శుక్రవారానికి నమూనా చూపిస్తే ఏడాది పొడవునా ఆర్డరు ఇస్తారట, లేదంటే బెంగళూరులో చేయించుకుంటారట. ఆర్డరు పోతే మిషన్ కుప్పం పోతుంది. మిషన్ పోతే అనిత మళ్లీ మడతల బల్ల దగ్గర కూర్చోవాలి.

"నేను చేస్తానన్నా" అని ఆమె తడుముకోకుండా చెప్పేసింది.

సన్నటి గట్లు పోసినట్టుండే ప్లాస్టిక్ షీట్లు పది తెప్పించారు. రెండు బొమ్మలనూ పోగులుగా చీల్చి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, నున్నటి వెనకవైపు అచ్చు వేయాలి. ఒక్కో గట్టు కింద పచ్చపోగొకటి, ఎర్రపోగొకటి ఉంటాయి. ఏ వైపు నుంచి చూస్తే ఆ వైపు పోగే కంటికి ఆనుతుంది. మదనపల్లెలో డిజైన్లు చేసే పల్లవి ఫైలు తయారుచేసి, పక్కన బాణం గుర్తు పెట్టి, కార్డులను అటే ఉంచమని ఫోనులో చెప్పింది. అనిత విన్నది. కానీ షీటు చూసేసరికి చేతులు ఊరుకోలేదు. బాణం చూపినట్టు నిలువుగా పెడితే పదహారు కార్డులు, అడ్డం తిప్పితే ఇరవై. తిప్పేసింది.

మొదటి షీటు బయటికొచ్చింది. ఎలా వంచినా పచ్చా ఎరుపూ కలిసిపోయి కుళ్లిన కాయే కనబడింది. ఇంకు తగ్గించింది, ప్రెషర్ సరిచేసింది, ప్లాస్టిక్‌ను నోరారా తిట్టింది. ఏడు షీట్లు పాడయ్యాయి. లక్ష్మీపతి జేబులోంచి సెల్‌ఫోను తీసి, కుప్పం ఆసామి నంబరు వెతికి పెట్టుకున్నాడు.

అనిత ఏడో షీటును వెలుతురుకు పెట్టి భూతద్దంతో చూసింది. గట్లు ఒకవైపు పోతున్నాయి, రంగుపోగులు వాటికి అడ్డంగా పోతున్నాయి. చాళ్లకు అడ్డంగా నారు నాటినట్టుంది. వాళ్లమ్మ చూసి ఉంటే చేలోంచి గెంటేసేది. సిగ్గుతో అనిత చెవులు వేడెక్కాయి. అయినా నేరుగా లక్ష్మీపతి దగ్గరికే వెళ్లింది.

"తప్పు ప్లాస్టిక్‌ది కాదన్నా, నాదే. నాలుగు కార్డులు ఎక్కువొస్తాయని అడ్డం తిప్పినా. పల్లవి సరిగానే చెప్పింది. నిలువుగా ఇంగో అచ్చు ప్లేటు చేయించు. మూడు షీట్లు ఉండాయి గదా, సాలు."

లక్ష్మీపతి సెల్‌ఫోను జేబులో పెట్టి, కొత్త ప్లేటుకు చెప్పాడు.

దాంట్లో పదహారు కార్డులే. అంచున నాలుగువేళ్ల ప్లాస్టిక్ ఊరికే పోతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడింది. అయినా దాని జోలికి పోలేదు. మొదటి షీటులో ఎడమవైపు పండింది, కుడివైపు పచ్చిగానే ఉంది. షీటు వెంట్రుకవాసి వంకరగా పోతోందని ఈసారి చూడగానే తెలిసింది. షీటు ఆనే చోట స్క్రూ కొంచెం తిప్పింది. రెండోది ఒక మూల తప్ప అంతా పండింది. ఇంకో పిసరు తిప్పింది. చివరిది చేతిలోకి తీసుకుని వంచింది. పదహారు కాయలూ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

లక్ష్మీపతి దాన్ని లాక్కుని పదిసార్లు వంచి చూశాడు. ఆ తర్వాత కుప్పానికి ఫోను చేశాడు.

"మిషన్ అమ్మేది లేదప్పా" అన్నాడు. "దాన్ని నడిపే మనిషి ఈడ ఉండాది."