గడ్డి మిషనుకు ఊపిరాడని రోజులు

ఈ ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చున్నానో లేదో, కింద పార్కులో గడ్డి కోసే మిషను మొదలైంది. ఎక్కడా తడబడకుండా, ఒకే శ్రుతిలో. కాలనీలో అందరూ ఆ మోతకి కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం అది ఆగేదాకా వింటాను, ఎక్కడైనా ఎక్కిళ్లు పడుతుందేమోనని. ఏడేళ్ల కిందట ఆ ఎక్కిళ్లే ఒక మనిషి కొంప ముంచబోయాయి మరి.

మాది మధురానగర్. ఇళ్ల మధ్య చాపంత పార్కు. దానికో అసోసియేషను, దానికో సెక్రటరీ, ఆ సెక్రటరీ మా ఆయన. ఎర్రమంజిల్ ఆఫీసులో కాలువల ఇంజనీరుగా రిటైరై, ఇంట్లో నా పోపులడబ్బా సర్దబోయి చీవాట్లు తిని, పోయి ఆ పార్కు మీద పడ్డారు. పట్టుబట్టి పెట్రోలుతో నడిచే గడ్డి మిషను కొనిపించారు. దాన్ని నడిపేది మాలి. బోరబండ నుంచి రోజూ సైకిలు మీద వచ్చేవాడు. రాళ్లూ రప్పలూ ఏరి ఆ నేలలో గడ్డి మొలిపించింది అతనే. ఇంటర్ చదివే కూతురి ఫీజూ, ఇంటద్దే అన్నీ ఆ గడ్డి మీదే వెళ్లేవి. మిషను వచ్చాక కొడవలి పక్కన పెట్టి, దాన్ని రోజూ గుడ్డతో తుడిచి, గోనెపట్టా కప్పి దాచేవాడు.

ఆ ఏడు దసరా వెళ్లిన వారానికి మిషనుకు రోగం పట్టుకుంది. తాడు లాగగానే చక్కగా అందుకునేది. ఐదు నిమిషాలు నడిచేది. తర్వాత గొంతు పెంచి, తగ్గించి, దగ్గి, తుమ్మి ఆగిపోయేది. పది నిమిషాలు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడిచేది. మా ఆయన ప్లగ్గు ఊడదీసి గరుకు కాగితంతో రుద్దారు. గాలి వడపోసే స్పాంజిని నా గిన్నెల సబ్బుతో ఉతికి, నా బట్టల తీగ మీద ఆరేశారు. చేతికంటిన నల్ల జిడ్డంతా నా కొత్త తువ్వాలుకు పూశారు. "డ్యాముల గేట్లు ఎత్తించినవాణ్ణి, ఇదొక లెక్కా!" అని ఆయన రోజూ అనడం, అది రోజూ ఐదో నిమిషంలో చతికిలపడటం. వాకింగుకొచ్చే ప్రతివాడూ వైద్యుడే. ఒకాయన ఆయిలు మార్చమంటాడు, ఇంకొకాయన దిష్టి తీయమంటాడు. వాళ్లందరికీ కాఫీలు మాత్రం నేనివ్వాలి. గడ్డేమో మోకాలెత్తు పెరిగింది. నా ప్రాణం విసిగిపోయింది.

చివరికి దాన్ని ఆటోలో వేసుకుని అమీర్‌పేట సందులో ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లారు. అతను కార్బురేటరు కడిగి, మా ట్యాంకుతో పనిలేకుండా తన సీసాలోని పెట్రోలే గొట్టంతో అందించి అరగంట నడిపాడు. దగ్గు లేదు, తుమ్ము లేదు. "మిషన్ మస్తుగున్నది సార్. మీ పెట్రోలే ఖరాబున్నది. ఏదో కలిసింది," అని తేల్చాడు. ఇంటికి తెచ్చి మా పెట్రోలు పోస్తే ఐదో నిమిషంలో మళ్లీ అదే పాట.

పంజగుట్ట బంకు నుంచి డబ్బాలో పెట్రోలు తెచ్చేది మాలి. ఇక చెప్పేదేముంది! సగం అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడన్నారు. అన్నారు అంటున్నాను గానీ, ఆ మాట మొదట అన్నది నేనే. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను. నల్లబడ్డ తువ్వాలు చేతిలో పట్టుకుని, ఒళ్లు మండి, నలుగురి ముందూ అనేశాను. "గట్ల అనకుండ్రమ్మా, నేను గసొంటోన్ని కాదు," అన్నాడతను. ఎవరు విన్నారు? ఆదివారం మీటింగులో అతన్ని మానిపించి, పార్కును కాంట్రాక్టుకిచ్చేద్దామని మా ఆయన నిర్ణయించేశారు.

శనివారం సాయంత్రం నేను కూరగాయలతో వస్తుంటే, మాలి మిషను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అది ఆగబోతూ ఎగశ్వాస తీస్తోంది. నన్ను చూసి, పెట్రోలు వాసన చూపిద్దామనేమో, ట్యాంకు మూత తిప్పాడు. ఉస్సుమంది. మరుక్షణం ఇంజను తేరుకుని హాయిగా నడవసాగింది.

"దీనికి గాలి ఆడ్తలేదమ్మా," అన్నాడు మూతను వెలుతురుకెత్తి. "మూతకు సన్న బొక్క ఉంటది. గాలి లోపలికి పోతెనే పెట్రోలు కిందికి దిగుతది. గది మూసుకపోయింది. జర పిన్నీసుంటే ఇయ్యుండ్రి."

గాజుకున్న పిన్నీసు తీసిచ్చాను. గుచ్చగానే గట్టిపడ్డ పచ్చని పెళ్లలు రాలాయి, మధ్యలో ఎర్రగా. గంధం, దాని మీద కుంకుమ. ఆయుధపూజ నాడు స్కూటరుకీ, మిక్సీకీ, కత్తిపీటకీ పెట్టి, ఇదేం పాపం చేసిందని కిందికొచ్చి, ఆ మూత నడినెత్తిన దట్టంగా బొట్టు పెట్టింది నేనే. పైగా పూజ బొట్టని అతను మిషనంతా తుడిచినా ఆ మూతకు మాత్రం గుడ్డ తగలనివ్వలేదట.

"ఏంటది?" అన్నాను, తెలిసే.

"ఏం లేదమ్మా, దుమ్ము," అని పిడికిలి మూశాడు. "సార్‌కు సుత గదే చెప్త. దేవుని పనిల తప్పేముంటది?"

ఆదివారం మిషను గంటసేపు ఆగకుండా నడిచింది. మీటింగులో మా ఆయన మీసం దువ్వుకుంటూ, "చూశారా, గట్టిగా అడిగేసరికి మంచి పెట్రోలు తెచ్చాడు!" అన్నారు. అందరూ నవ్వారు. "దుమ్ముండె సార్," అని మాలి తలొంచుకు నిలబడ్డాడు. ఉద్యోగం ఉంచారు, దొంగన్న పేరుతో సహా. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడ్డాను. "కిరసనాయిలూ లేదు, పాడూ లేదు. నా గంధం బొట్టు ట్యాంకు మూత బొక్క మూసేసింది. అతన్ని అనరాని మాట అన్నదీ నేనే," అన్నాను. మా ఆయన చెయ్యి మీసం మీంచి దిగింది. "పోనియ్యుండ్రమ్మా," అన్నాడు మాలి, నా వైపు చూడకుండా.

ఇప్పుడతని జుట్టు నెరిసింది. ప్రతి దసరాకీ నేను గంధం గిన్నెతో కిందికి వెళతాను. అతను మిషను ముందుకు జరిపి, మూత మీది బొక్కకు బొటనవేలు అడ్డం పెడతాడు. ఆ వేలి పక్కన బొట్టు పెట్టి వస్తాను. కాలం గడిస్తే అన్నీ మరుపున పడతాయంటారు. ఏడేళ్లయింది. పెట్రోలు తెచ్చిన ప్రతిసారీ, నేను అడగకపోయినా, డబ్బా మూత తీసి వాసన చూడమని ఇప్పటికీ నా ముందు పెడతాడు.