వీణకు కొన్న నల్ల పెట్టె

మా బంధువుల్లో ఒక మాట ఇప్పటికీ నలుగుతూ ఉంటుంది. పెనుకొండలో వీణలకు మేళం కట్టే ఆయన మైనంలో కల్తీ చేశాడని, అందువల్లే ధర్మవరం పెళ్లిలో మా అక్క వీణ పలకలేదని. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

వీణ మీద ఇత్తడి మెట్లు మైనంలో నిలబడి ఉంటాయి. తేనెమైనంలో బొగ్గుపొడి, కొంచెం గుగ్గిలం కలిపి కాచి, వేడి తగ్గేలోపు ఒక్కో మెట్టునూ స్వరం చూసుకుంటూ కుదురుస్తారు. దాన్నే మేళం కట్టడం అంటారు. మా అక్క హిందూపురంలో పిల్లలకు వీణ నేర్పేది. తన వీణకూ, వాళ్ల వీణలకూ మేళం కట్టేది పెనుకొండాయనే.

ఒకసారి బస్సులో ఎవరిదో వేరుశనగ మూట జారి వీణ మీద పడింది. దాని సొరకాయ బుర్ర పగిలింది. అప్పటిదాకా వీణ గుడ్డ సంచిలోనే ప్రయాణం చేసేది. ఇక గట్టి పెట్టె కావాలనుకున్నాం. హిందూపురంలో వడ్రంగి చెక్కతో చేస్తానన్నాడు గానీ, దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. నేను అప్పట్లో బెంగళూరులో పని చేసేవాణ్ణి. ఫైబరు పెట్టె కొని తెచ్చే పని నామీద పడింది.

"లేత రంగుది తేరా. నల్లది ఎండకు పెనం మాదిరి కాల్తాది," అంది అక్క.

అంగట్లో రెండూ ఉన్నాయి. లేతరంగు పెట్టె నా కంటికి ఆస్పత్రి సామానులా కనిపించింది. నల్లది నిగనిగలాడుతోంది. మూత మూసి మీద కూర్చుని చూశాను, చెక్కు చెదరలేదు. కొక్కేలు టక్కుమని పడ్డాయి. లోపల ఎర్రటి మఖమలు. నల్లదే కొన్నాను.

అక్క దాన్ని చూసి, "చెప్పింది చెవికెక్కలేదేమిరా?" అంది.

"లేత రంగువి అయిపోయినాయంట."

అది మొదటి అబద్ధం. చిన్నదే అనుకున్నాను.

ఆ వేసవిలోనే ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట్లో పెళ్లి వచ్చింది. అక్కకు అది మొదటి పెద్ద కచేరి. ఆమె ముందురోజే వెళ్లింది. పెనుకొండలో కొత్తగా మేళం కట్టించిన వీణను తీసుకుని నేను వెనకాల వెళ్లాలి. ఆయన వీణను పెట్టెలో పడుకోబెట్టి, మూత మీద అరచేయి ఆనించి చూసి, "నీడన పెట్టుకోప్పా. మైనం ఇంకా పచ్చిది," అన్నాడు.

బస్సులో నిలబడటానికే చోటు లేదు. నన్ను చూసి కండక్టరు, "ఏమబ్బా, పెట్టెలో ఎవురుండారు? టికెట్టు తీసుకున్యారా?" అన్నాడు.

"ఎవురో గాని, గాలాడక ఈపాటికి పోయింటారు," అంది ముందు సీట్లో ఒక అవ్వ. అందరూ నవ్వారు.

"దోవలో పెడితే జనం యాడ నిలబడాల? పైకెయ్యి, లేదంటే ఎనక బండికి రా," అన్నాడు కండక్టరు.

వెనక బండికి రావచ్చు. కానీ అంత గట్టి పెట్టె కొన్నది ఎందుకు? నేనే నిచ్చెన ఎక్కి టాపు మీద తాడుతో కట్టాను. దిగి వచ్చేసరికి అదృష్టం కొద్దీ ఎవరో దిగిపోయి కిటికీ పక్క సీటు దొరికింది. దారిలో టైరు పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం. అందరం చింతచెట్టు కింద నిలబడ్డాం. పైన పెట్టె ఉందని గుర్తుకు రాకపోలేదు. దించాలంటే మళ్లీ ఎక్కాలి, మళ్లీ కట్టాలి. ఎక్కలేదు.

పెళ్లింట్లో అక్క మూత తీసింది. మెట్లన్నీ ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. రెండు పూర్తిగా జారి మఖమలు మీద పడ్డాయి.

"టాపు మీద ఏసినావా?"

"లేదక్కా, వొళ్లోనే పెట్టుకోని వచ్చినా."

"మరి ఇట్లెట్లాయెరా?"

"మైనం కల్తీదేమో."

ఆ సాయంత్రం అక్క వీణ లేకుండా రెండు కీర్తనలు పాడింది. వాళ్లు మర్యాదగానే విన్నారు. మళ్లీ మాత్రం పిలవలేదు.

కబురు విని పెనుకొండాయన హిందూపురం వచ్చాడు. పైసా తీసుకోకుండా మేళం మళ్లీ కట్టాడు. "ఎట్ల జారిండాదో నాకే అంతు చిక్కలేదమ్మా," అన్నాడు. నేను ఆ గదిలోనే కాఫీ తాగుతున్నాను. తాగడం పూర్తి చేశాను. ఆ తరువాత అక్క తన వీణను, పిల్లల వీణలను మేళం కట్టించడానికి బెంగళూరుకు పంపడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల వీణలున్న వాళ్లూ అలాగే చేశారు.

చాలా ఏళ్లకు గానీ పెనుకొండలో ఆయన ఇంటికి వెళ్లలేకపోయాను. వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. నిలబడే చెప్పాను.

"టాపు మీదనా?" అన్నాడు.

"ఊ."

"మిట్టమధ్యాన్నం?"

"ఊ."

చేతిలో కాయ ఒలిచి పక్కన పెట్టాడు. "ఆ పొద్దు నుంచి నా మైనం మీద నాకే నమ్మకం పాయె. గుగ్గిలం ఎక్కువ కలుపుతా వచ్చినా. ఎండకు నిలిచేది గాని, చలికి పెళుసుబారి పగిలేది. జనం వాపసు తెచ్చిరి. ఆఖరికి నా పని నిజంగానే చెడిపాయె. మానేసినా."

లోపలి నుంచి ఆయన భార్య, "ఎవురు వచ్చినారు?" అని అడిగింది.

"హిందూపురం వీణమ్మ తమ్ముడు. కాఫీ పెట్టు," అన్నాడు. నా వైపు తిరిగి, "ఆయమ్మతో చెప్పినావా?"

"ఇంకా లేదు."

"నాకు ముందు చెప్పి ఏం చేస్తావప్పా? నన్ను దొంగనుకునింది ఆయమ్మ గదా."

ఆ సాయంత్రమే అక్కతో చెప్పాను. ఆమె తిట్టలేదు. నాతో కొన్ని నెలలు మాట్లాడలేదు. తానే పెనుకొండ వెళ్లి ఆయనను చూసి వచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. తిరిగి మాటలు కలిశాక ఒకటే అడిగింది: "నాకు తెలిసె, ఆయనకు తెలిసె. మిగతా వాళ్లకు ఎవురు చెప్పాల?"

పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఆ మాట ఎత్తిన వాళ్లకల్లా నేనే చెబుతూ వస్తున్నాను. కొందరు నవ్వి వదిలేస్తారు. కొందరు, "నువ్వు మంచోనివి, ఆయన్ను ఎనకేసుకొస్తాండావు," అంటారు. అలాంటి వాళ్ల కోసం ఇది రాశాను. ఆయన మైనం మంచిది.