గట్టు నేను చూసుకుంటా

ఆ రోజు పొద్దున మంచు దట్టంగా పట్టింది. కాలువ అవతలి గట్టు కనబడలేదు. లాకుల దగ్గర షట్టరుకి గుర్రపుడెక్క అడ్డం పడి నీళ్ళు సరిగా దిగడం లేదు. నేను మోకాలి లోతు నీళ్ళలో మెట్టు మీద నిలబడి, కొక్కెం కర్రతో డెక్కని లాగి గట్టున వేస్తున్నాను. సగం పని అయ్యేసరికి గట్టు మొదట్లో సైకిలు బెల్లు మోగింది. తరవాత గొంతు వినబడింది.

"నేనేనండి, టీ కొట్టుదాన్ని. మీ వెనకాలే వస్తున్నాను."

తిరిగి చూశాను. ఆమె పది అడుగుల దూరంలో ఆగింది. చేతిలో టీ గ్లాసు లేదు.

"పెద్ద లస్కరు గారు పోయారంటండి. తెల్లారుజామున, నిద్రలోనే."

నాకు ముందు భయం వేసింది. ఏడుపు తరవాత వచ్చింది. సాయంత్రం ఐదింటికి వంతు మారుతుంది, షట్టరు దించాలి, నా వెనక ఎవరుంటారు? నాకు మొదట తోచిన మాట అదే. సిగ్గుగా ఉన్నా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

కాలువల మీద లాకులు, తూములు ఎత్తి దించే మనిషిని మా వైపు లస్కరు అంటారు. ఆయన ముప్పై ఏళ్ళు పైగా ఆ పని చేశారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. చుట్టరికం ఏమీ లేదు. ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆయన ఇంటావిడని పిన్ని అనేవాణ్ణి.

దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలవు. అందుకని వంతులు పెడతారు. కొన్ని రోజులు ఎగువ రైతులకి, కొన్ని రోజులు కాలువ చివరి శివారు రైతులకి. వంతు అయిపోగానే ఎగువ చేలకి నీళ్ళు పారే బోదెకి షట్టరు దించేయాలి. చేను ఎండుతున్న మనిషికి ఆ హుకుం ఇచ్చిన ఆఫీసు కనబడదు. షట్టరు చక్రం తిప్పుతున్న లస్కరు కనబడతాడు.

మూడేళ్ళ కిందటి దాళ్వాలో బాబాయ్‌కీ ఎగువ రైతులకీ మాటామాటా అయింది. "రేపు రెండింటికి దించేస్తానండి. ఎవరొచ్చి నిలబడినా ఆగేది లేదు" అన్నారు ఆయన. మర్నాడు ద్రాక్షారామంలో చుట్టాల పెళ్ళి ఉందని, ఆ పని నాకు అప్పజెప్పి ఆయన వెళ్ళారు. రెండింటికి చక్రం దగ్గర నేనున్నాను. ఎండగా ఉందని నేనూ ఆయనలాగే తెల్ల తువ్వాలు తలకి చుట్టుకున్నాను. ఇద్దరం ఖాకీ చొక్కాలే వేసేవాళ్ళం. వెనక అడుగుల చప్పుడైతే ఎవరో రైతు అనుకున్నాను. ఒక మాట వినబడింది. ఆ వెంటనే పార కర్ర తలకి తగిలింది.

కొట్టిన మనిషిని నేను చూడలేదు. చూశామని చెప్పినవాళ్ళూ లేరు. కేసు నిలవలేదు.

రాజమండ్రిలో డాక్టరు గారు స్కాన్ చూసి, "ఎముక విరగలేదు, రక్తం గడ్డ కట్టలేదు. మెదడు అదిరింది. కొన్నాళ్ళు పడుతుంది" అన్నారు. ఆ కొన్నాళ్ళు ఇంకా అవలేదు. నీళ్ళ మీద ఎండ మెరిస్తే వాంతి వచ్చేది. పేపరు చదువుతుంటే పావుగంటకే అక్షరాలు అలుక్కుపోయేవి. మాట మధ్యలో మాట పోయేది. ఇంట్లో నా భార్య వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, ఆమె చెయ్యి విరిగేంతగా పట్టుకున్నాను ఒకసారి. ఆ తరవాత ఆమె గదిలోకి వచ్చే ముందు గాజులు కదిపేది.

నాలుగో నెలలో పనికి వెళ్ళాను. అప్పటికి బాబాయ్ రిటైరయ్యారు. నేను వెళ్ళేసరికి ఆయన లాకుల దగ్గరే ఉన్నారు. సైకిలు స్టాండు వేసి, లాకులకి ఉన్న ఇనప కమ్మీ మీద కూర్చున్నారు, కాలువకి వీపు పెట్టి, గట్టు వైపు మొహం పెట్టి.

"నీళ్ళు నువ్వు చూసుకో. గట్టు నేను చూసుకుంటా" అన్నారు.

ఏదో ఒక రోజుకి అనుకున్నాను. అలా దాదాపు మూడేళ్ళు కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులు, దగ్గు ఉండేవి. ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు తప్ప ఆయన రాని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

గట్టు మీద వచ్చేవాళ్ళందరికీ ఒక అలవాటు నేర్పారు. చప్పుడు చేయకుండా నా వెనకకి ఎవరూ రాకూడదు. మొదట్లో అందరూ నవ్వారు.

"లాకుల దగ్గరకి కూడా బెల్లు కొట్టి రావాలేంటండి?" అన్నాడొక రైతు.

"కొట్టండి. బెల్లు లేదంటారా, నాది తీసుకోండి" అని, ఆయన తన సైకిలు బెల్లు విప్పి గట్టు మొదట్లో ఉన్న రాటకి తీగతో బిగించారు. బెల్లు కొట్టాలి, పేరు చెప్పాలి, తరవాత రావాలి. అలా నడిచింది. కానీ బెల్లు కొట్టి పేరు చెప్పి వచ్చేవాళ్ళలో ఆ పార కర్ర మనిషి కూడా ఉండి ఉండాలి. అతను నాకు నమస్కారం పెట్టి ఉంటాడు. ఆ సంగతి మాకిద్దరికీ తెలుసు. ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

షట్టరు పూర్తిగా దిగాలంటే చక్రం తొమ్మిది చుట్లు తిప్పాలి. నాకు లెక్క నిలిచేది కాదు. ఒకసారి ఆరు చుట్లకే అయిపోయిందనుకుని వెళ్ళిపోయాను. శివారు చేలకి ఒక పూట నీళ్ళు అందలేదు. ఇంజినీరు గారు మర్యాదగానే చెప్పారు, ఇంకోసారి ఇలా అయితే ఆఫీసులో కాగితాల పనికి మార్చాల్సి వస్తుందని. పావుగంట చదవలేనివాడికి కాగితాల పని ఏంటి? లాకులు పోతే నాకు ఇంకో పని లేదు.

బాబాయ్ పాత తువ్వాలు చింపి తొమ్మిది పీలికలు చేసి, కమ్మీకి వదులుగా ముడేశారు. ఒక చుట్టు తిప్పాక ఒక పీలిక పక్కకి జరపాలి.

"లెక్క తలలో పెట్టకు. కమ్మీ మీద పెట్టు" అన్నారు. "నీ తలకి సెలవు ఇచ్చాంగా."

స్కాన్ సంగతి ఊరంతా తెలుసు. ఒక పెద్దాయన నా ఎదురుగానే, "స్కాన్‌లో ఏం లేదంట కదా, ఇంకా ఏంటండి ఈ తలనొప్పి?" అన్నారు.

బాబాయ్ కమ్మీ మీంచి కదలలేదు. "మీ తల కూడా ఓసారి తీయిద్దామండి. అందులోనూ ఏం కనబడదు" అన్నారు. పెద్దాయన కోపంగా వెళ్ళిపోయారు. నేను చాలా రోజుల తరవాత నవ్వాను.

మాత్రల కోసం రావులపాలెం వెళ్ళిన రోజు ఆయన తోడు వచ్చారు. అరటి మార్కెట్టు పక్క నుంచి నడుస్తుంటే లారీ మీంచి ఎవరో గెల జారవిడిచారు. అది నా వెనక ధబ్బున పడింది. ఆ తరవాత నాకు తెలిసింది ఏమిటంటే నేను లారీ కింద ఉన్నాను, తల మీద చేతులు పెట్టుకుని. జనం వంగి చూస్తున్నారు. ఒకడు కాలు పట్టుకుని లాగబోయాడు.

"వదిలెయ్యవయ్యా. ఆయనకి అక్కడ బాగుంది" అన్నారు బాబాయ్. ఆ మోకాళ్ళతో లారీ చక్రం పక్కన కింద కూర్చున్నారు. డ్రైవరుతో బండి తియ్యొద్దని చెప్పారు. తరవాత పక్కన అరటిపళ్ళు అమ్మే ఆవిడతో మాటల్లో పడ్డారు. చక్రకేళి పండిందా, కార్బైడు పెట్టారా, మీ చేలో గాలికి ఎన్ని పడ్డాయి, అలా. నాతో ఏమీ మాట్లాడలేదు. నేను బయటికి వచ్చేసరికి అరగంట అయి ఉంటుంది. ఒక పండు వలిచి చేతిలో పెట్టారు. బస్సు ఎక్కేదాకా నా వెనకే నడిచారు, ప్రతి పది అడుగులకీ ఒకసారి దగ్గుతూ.

దెబ్బకి ముందు నాకు వినబడ్డ మాట "ముసలోడా". నాకప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఆ దెబ్బ ఎవరి కోసం వచ్చిందో ఆసుపత్రి మంచం మీదే అర్థమైంది. నా భార్యకి ఒక్కదానికే చెప్పాను. "ఆయనకి చెప్పకండి. ఇంక పడుకోలేరు" అంది. కొన్ని రోజులు ఆయన మీద కోపం వచ్చిన మాట నిజం. ఆయన గట్టు వైపు తిరిగి కూర్చున్నాక అది మెల్లగా పోయింది.

ఆయన ఒక్కసారే అడిగారు, కిందటేడు.

"ఆ రోజు వాడు ఏమన్నా అన్నాడా?"

"ఏం అనలేదు బాబాయ్."

"నోరెత్తకుండా కొట్టాడా?"

"అవును."

ఆయన గట్టు వైపు చూస్తూ కూర్చున్నారు. "సరే" అన్నారు.

ఆ కబురు తెలిసిన రోజు పదింటికి వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో జనం ఉన్నారు. ఎవరెవరు నా వెనక ఉన్నారో చూసుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిన్ని నన్ను చూసి లోపలికి రమ్మంది.

"ఇప్పుడన్నా చెప్పరా. ఆ రోజు వాడు ఏమన్నాడు?"

"ఏం అనలేదు పిన్నీ."

ఆమె నా తలకి చుట్టుకున్న తువ్వాలు చూసింది. అది ఎర్ర గళ్ళ తువ్వాలు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో బాబాయ్ తెచ్చి ఇచ్చారు. ఇక మీదట ఇదే కట్టుకో, నాలాగా తెల్లది కట్టకు అన్నారు. ఎందుకని నేను అడగలేదు.

"మీ బాబాయ్ నమ్మలేదురా" అంది పిన్ని.

అంటే మొదటి వారం నుంచీ ఆయనకి తెలుసు.

ఈ గట్టు మీద వచ్చేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, రాటకి బెల్లు ఇంకా ఉంది. కొట్టి, పేరు చెప్పి రండి. ఆయన పేరు మీద మీరు చేయగలిగింది ఇంతకన్నా నాకేమీ తోచడం లేదు.

మూడింటికి బాబాయ్‌ని తీసుకెళ్ళారు. నేను స్నానం చేసి, ఐదింటికి లాకుల దగ్గరకి వెళ్ళాను. తోడు వస్తానన్న నా భార్యని వద్దన్నాను. రేపూ ఎల్లుండీ ఆమె రావడం కుదరదు కదా. కమ్మీ మీద ఎవరూ లేరు. చక్రం తిప్పాలంటే గట్టుకి వీపు పెట్టాలి. రెండుసార్లు పెట్టి, రెండుసార్లు తిరిగి చూశాను. మూడోసారి తిప్పడం మొదలుపెట్టాను. ఐదో పీలిక జరుపుతుండగా బెల్లు మోగింది. పేరు కోసం ఆగాను. పేరు రాలేదు. ఆరో పీలిక జరిపాను. ఏడు. ఎనిమిది. తొమ్మిదో చుట్టుకి షట్టరు కింద ఆనిన చప్పుడు విని, అప్పుడు తిరిగాను.

బెల్లు కొట్టిన మనిషి పార భుజాన వేసుకుని రాట దగ్గరే ఆగి ఉన్నాడు. ఐదుంపావుకి అతను అక్కడి నుంచి ఎగువ చేల వైపు వెళ్ళిపోయాడు. మొహం కనబడలేదు. ఐదున్నరకి నేను బయలుదేరాను.