మూతగంపలో మా పిల్లి

మా ఇంట్లోకి నీచు రానివ్వం. ఉప్పాడలో కిరాణా కొట్టు పెట్టుకుని, చుట్టూ చేపలు ఎండబెట్టే ఇళ్ల మధ్యే ఉంటున్నా, మా పిల్లికి సైతం పెరుగన్నమే. అది మాత్రం రోజూ గోడ దూకి పక్కింటికి పోయేది.

పక్కింటావిడ గంపతో చేపలమ్ముతుంది. అత్తా అని పిలుస్తాను. ఆవిడకో కుక్క ఉంది. అమావాస్యకి సముద్రం పొంగి రోడ్డు మీదికొచ్చినప్పుడల్లా ఆవిడ సంచిలో అటుకులు, నీళ్ల సీసా, కుక్క గిన్నె సర్దేది. దాని మెడకి పాత వలతాడు కట్టి, తుపాను షెల్టరు దాకా నడిపించి తీసుకొచ్చేది. నాకు నవ్వాగేది కాదు.

"ఏంటత్తా, కుక్కకి తీర్థయాత్రా?"

"ఇల్లంటుకున్నాక నుయ్యి తవ్వుతామా అమ్మాయిగారూ? దారి అలవాటైతే ఆ రోజున బెదరదండి. మీ పిల్లికీ ఏదోటి అలవాటు చెయ్యండి."

"పిల్లికి నేర్పేదేంటి!" అని కొట్టిపారేశాను. ఒకరోజు దాని మూతి దగ్గర చేప వాసన పట్టేసి, గోడ మీంచి కేకలేశాను కూడా. "మా పిల్లికి నీచు పెట్టావంటే ఊరుకోను!" నా నోరు అలాంటిది మరి.

ఆ తర్వాత తుపాను వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఇళ్లు ఖాళీ చెయ్యమని పొద్దున్నే మైకులో చెప్పారు. గాలి హోరుకి పిల్లి అటకెక్కేసింది. పాలు చూపించాను, బతిమాలాను. నిచ్చెనేసి చెయ్యి చాపితే మోచేతి దాకా రక్కింది. వాకిట్లో ఆటో హారన్ ఆగట్లేదు. "పిల్లి కోసం మనం పోతామా? పదవే!" అని మా ఆయన కసిరారు. దాన్ని వదిలి కదల్లేక నిచ్చెన మెట్టు మీదే కూర్చుని ఏడ్చేశాను.

అప్పుడొచ్చింది అత్త. కుక్కని ఆటోకి కట్టేసి, చేపల మూతగంప చంకనపెట్టుకుని గడప దగ్గర ఆగి, "లోపలికి రావచ్చాండీ?" అంది. అంత గాలిలోనూ అడిగింది! సిగ్గుతో చచ్చిపోయాను.

గంప నేల మీద పెట్టి, అంచు మీద వేళ్లతో రెండుసార్లు తట్టింది. అంతే! పిల్లి అటక దిగి, నా వంకైనా చూడకుండా గంపలోకెక్కి ముడుచుకుంది. అత్త మూతపెట్టి తాడు బిగించింది.

"ఎప్పుడు నేర్పావత్తా?"

"రోజూ ఇలా తట్టి పిలిచి, ఇందులోనే తినిపించానండి. మీరు తిట్టాక కూడా మానలేదు. ఏమనుకోకండి."

ఎంత మనిషండీ! నా తిట్లు తింటూనే నా పిల్లి ప్రాణానికి దారి చేసిపెట్టింది. అలాంటి ఆవిణ్ణి చూసా నేను అన్నాళ్లూ నవ్వింది!

సాయంత్రం షెల్టర్లో గంపలోంచి పిల్లి అరిచింది. అత్త సంచిలోంచి ఎండుచేప ముక్క తీసి, నన్ను చూసి ఆగిపోయింది. నేను చెయ్యి చాపాను. పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని చెయ్యది.

"మీ చేతికి వాసన అంటుకుద్దండీ," అంది.

"అంటుకోనీ అత్తా," అని ముక్క అందుకుని, గంప అంచు మీద రెండుసార్లు తట్టాను.