ఊరి చరిత్రలో తీసేసిన కాగితం

వాదించడంలో నన్ను మించినవాడు సత్తెనపల్లిలో లేడని నాకో నమ్మకం ఉండేది. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఆ మాత్రం పొగరు ఉండదా? ఆదివారం వస్తే నా చిన్ననాటి స్నేహితుడి బైండింగు కొట్లో చేరేవాణ్ణి. చరిత్ర పుస్తకాల్లోంచి ఎవరెవర్ని తీసేస్తున్నారో పేపర్లో చూసి, కొట్టు పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. అతను కుడుతున్న సూది ఆపకుండానే, "ఒరేయ్, నీ అరుపులకి టీ చల్లారిపోతోందిరా" అనేవాడు.

రిటైరయ్యాక మా ఊరి చరిత్ర రాశాను. అందులో ఒక కాగితం నిండా ముందూ వెనకా అతని తాతే. ఊళ్లో బడి లేని రోజుల్లో ఆ ముసలాయన తన మిరప కల్లాన్ని బడికి ఇచ్చేసి, కాయలు ఎండబెట్టుకోవడానికి పక్క ఊరికి బండి కట్టుకుని పోయేవాడు. ఆ కల్లంలో మొదట పాఠం చెప్పిన పంతులు మా నాన్న. ఆయనకూ ఓ కాగితం ఇచ్చుకున్నాను. అచ్చయి, మడతలు పెట్టిన ఫారాలు కుట్టడానికి వచ్చినప్పుడు నా స్నేహితుడు తాత పేజీని భార్యకు రెండుసార్లు చదివి వినిపించాడు. "మా తాత పుస్తకంలోకెక్కాడురోయ్!" అని నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

కుట్టడం పూర్తయ్యాక ఊరి పెద్దలు నన్ను పిలిచారు.

"మాస్టారూ, అసలే రోజులు బాగోలేవు. బడికి స్థలం సాయిబుగారు ఇచ్చారని ఇప్పుడెందుకండీ, లేనిపోని గొడవ! ఆ ఒక్క కాగితం తీయించేయండి."

నోరు తెరిస్తే మూయని నేను, "సరేనండి" అన్నాను. సిగ్గేయలేదు. కోపమూ రాలేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ చేసిన దవడలా ఉంది లోపలంతా.

కొట్టుకు వెళ్లి చెప్పాను. అతను కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండును, వాదించడమైతే నాకు వచ్చు. స్కేలు ఆనించి, కత్తితో ఒక్కో పుస్తకంలోంచీ తన తాతను కోయడం మొదలుపెట్టాడు. కోసినవాటిని నేను దొంతి పెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మధ్యలో టీ వచ్చింది. తాగాను కూడా.

సాయంత్రానికి అయిపోయింది. ఒక పుస్తకం నా ముందు తెరిచి పెట్టాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ నన్ను 'మాస్టారూ' అని పిలవనివాడు ఆ రోజు పిలిచాడు.

"మాస్టారూ, ఫారంలో రెండేసి కాగితాలు మధ్యకు మడిచి కుట్టిన ఒకటే ముక్కండి. ఒకటి కోస్తే దాని జంటది వదులైపోతుంది. ఈ జంట కాగితం మీద మీ నాన్నగారున్నారు. ఊడిపోకుండా అన్నిట్లోనూ గమ్ము పెట్టాను, చూసుకోండి."

వేలు పెట్టి చూశాను. ఇంకా తడిగానే ఉంది.

"మంచిదండి" అన్నాను.