నాలుగు రోజులకని తెచ్చుకున్న బట్టలు

పాస్‌పోర్ట్ చివరికి నా చేతికొచ్చింది. లోపల వీసా స్టాంప్ కూడా ఉంది. ఇరవై ఆరు రోజులు పట్టింది. ఈ సంగతి ముందే చెప్పేయడానికి కారణముంది. అమెరికాలో మేముండే ట్రాయ్‌లో ఈ కథ ఎవరికి చెప్పబోయినా మధ్యలో ఆపి, "ఇంతకీ వచ్చిందా, రాలేదా?" అని అడుగుతారు. వచ్చింది. నేను రాయాలనుకున్నది ఆ ఇరవై ఆరు రోజులూ నేనున్న చోటు గురించి, అక్కడుండగా నేను చేసిన ఒక పిచ్చి పని గురించి.

కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఇంజనీర్ని. కోపెన్‌హేగెన్‌లో ఉన్న మా టీమ్‌తో నాలుగు రోజుల పని పడింది. నా పాస్‌పోర్ట్‌లోని హెచ్ వన్ బీ వీసా స్టాంప్ గడువు ఎప్పుడో తీరిపోయింది. అమెరికాలో ఉన్నంతకాలం దానితో అవసరం రాదు, కానీ దేశం దాటితే కొత్త స్టాంప్ లేకుండా వెనక్కి రానివ్వరు. మామూలుగా అందరూ హైదరాబాద్ వెళ్లి వేయించుకుని వస్తారు. నాకు తెలివి ఎక్కువ కదా, ఎలాగూ యూరప్ వెళ్తున్నాను, ఇంటర్వ్యూ అక్కడే పెట్టించుకుంటే మూడు వారాల లీవ్ మిగులుతుందని లెక్క వేశాను. వాట్సాప్ గ్రూపులో అడిగితే, "అక్కడ చాలా ఈజీ, రెండ్రోజుల్లో ఇచ్చేస్తారు" అని ముగ్గురు రాశారు. ఆ ముగ్గురిలో ఒక్కరూ అక్కడికి వెళ్లలేదని నాకు తర్వాత తెలిసింది.

అమెరికన్ ఎంబసీలో ఇంటర్వ్యూ కిటికీ వెనక ఉన్న ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. ఇంకా కొంత పరిశీలన మిగిలి ఉందన్నాడు. ఒక కాగితం ఇచ్చి పాస్‌పోర్ట్ ఉంచుకున్నాడు. ఎన్ని రోజులు పడుతుందని అడిగితే చెప్పలేమన్నాడు. బయటికొచ్చి ఏదో బస్ స్టాప్‌లో నిలబడి ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ అందులో తేదీ అన్నది లేదు.

మా కంపెనీ నన్ను ఉంచింది ఒక అపార్ట్‌మెంట్ హోటల్‌లో. రేవు పక్కన ఉన్న పాత గోడౌన్‌ని పది పన్నెండు ఫ్లాట్లుగా మార్చారు. రిసెప్షన్ ఉండదు. ఫోన్‌కి కోడ్ వస్తుంది, అది నొక్కి మన ఇంట్లోకి మనం వెళ్లినట్టు వెళ్లిపోవడమే. డిజైన్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు కట్టిన చోటు అది. తెల్ల గోడలు, లేత రంగు చెక్క నేల, పెద్ద కిటికీలు, పరదాలు మాత్రం లేవు. ఆ కుర్చీ ఎవరు గీశారో, ఈ దీపం ఏ ఊళ్లో చేశారో చెప్పే చిన్న పుస్తకం బల్ల మీద పెట్టారు. కూర్చునే వస్తువులు చేయడమే నా బతుకుతెరువు కాబట్టి మొదటిరోజు నేల మీద వెల్లకిలా పడుకుని, కుర్చీ కింద కాళ్లు అతికిన చోట్లు ఫోటోలు తీసుకున్నాను. నాలుగు రోజులు గాల్లో తేలాను. ఐదో రోజు నుంచి అదే కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయాను.

అప్పటిదాకా కనపడని లోపాలన్నీ ఒక్కొక్కటీ కనపడటం మొదలుపెట్టాయి. పైకప్పుకి ఒక్క లైటు కూడా లేదు. ఎటు చూసినా మూలల్లో బుజ్జి దీపాలు, ఎంత వెలిగించినా గది సగం చీకటే. భోజనాల బల్ల మీదికి ఒక దీపం మరీ కిందికి వేలాడుతూ ఉండేది, లేచినప్పుడల్లా నుదుటికి కొట్టుకునేది. స్నానాల గదిలో షవర్ చుట్టూ గోడా గట్టూ లేవు, ఎవరి నీళ్లు వాళ్లే తుడుచుకోవాలని ఒక తుడుపు కర్ర తగిలించారు. మగ్గు లేదని వేరే చెప్పక్కర్లేదు. పాలు పోసుకునే అందమైన గాజు జగ్గుని నేను దేనికి వాడానో ఆ పుస్తకం రాసినవాళ్లకి తెలిస్తే గుండె ఆగి ఉండేది.

మంచాన్ని గోడకి బిగించేశారు, తల పెట్టే వైపు సరిగ్గా ఉత్తరం. ఫోన్‌లో దిక్కులు చూసి మరీ నిర్ధారించుకున్నాను. ఇలాంటివి నేను నమ్మనని పదిమందిలో చెప్పుకుంటాను. అయినా వీసా ఆగిన దగ్గర్నుంచి దిండుని కాళ్ల వైపు వేసుకోవడం మొదలుపెట్టాను. వారానికి రెండుసార్లు సర్దడానికి వచ్చే ఆవిడ దాన్ని మళ్లీ ఉత్తరానికి మార్చేది. నేను కిటికీ దగ్గరికి లాక్కున్న కుర్చీని మళ్లీ పాత చోట పెట్టేది. ఒకరోజు నేను ఉండగానే వచ్చింది.

"ఆ కుర్చీ మీకు సౌకర్యంగా లేదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"కుర్చీ బాగుంది. నేనే బాగా లేను" అన్నాను.

ఎందుకో ఆవిడకి మొత్తం చెప్పేశాను. పాస్‌పోర్ట్ ఇవ్వలేదని, ఎప్పుడిస్తారో తెలియదని, ఇంట్లో ఆరేళ్ల పాప ఉందని. ఆవిడ చేతిలోని దుప్పటి పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా నా దిండు జోలికి పోలేదు.

ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పగలిగాను, నా వాళ్లకి చెప్పలేకపోయాను. వీసా ఆగిన రోజే మా ఆయన ఫోన్‌లో హెచ్చరించాడు.

"ఎవ్వరికీ చెప్పకు. చెప్తే ఒక్కొక్కళ్లు ఫోన్ చేసి బుర్ర తింటారు. ప్రాజెక్ట్ ఎక్స్‌టెండ్ అయిందని చెప్దాం."

"పాపకి?"

"దానికి అసలే వద్దు. దానికి చెప్తే ట్రాయ్ మొత్తానికి చెప్పినట్టే. స్కూల్ అయ్యాక రోజూ ఆంటీ వాళ్లింట్లోనే కదా ఉండేది."

ఆంటీ అంటే మా వీధి చివరి ఇంటావిడ. మంచి మనిషి, కడుపులో మాట దాచుకోలేదు, అంతే. మా ఆయన మాటకి నేను ఎదురు చెప్పలేదు. నిజానికి నేనే ఎక్కువ భయపడ్డాను. రెండేళ్ల కిందట మా స్నేహితురాలొకామె హైదరాబాద్‌లో ఇలాగే ఐదు నెలలు ఇరుక్కుపోతే, ఒక పుట్టినరోజు పార్టీలో పులిహోర తింటూ, "ఊరికే ఆపరు, రెజ్యూమెలో ఏదో ఉండే ఉంటుంది" అన్నది నేనే. అందరూ తలూపారు. ఇప్పుడు నా గురించి ఆ మాట ఎవరు అంటారో, చేతిలో ప్లేటుతో ఎక్కడ నిలబడి అంటారో కూడా నాకు తెలుసు.

అందుకని గ్రూపులో ఫోటోలు పెట్టడం మొదలుపెట్టాను. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ చేతి మీద కాఫీ కప్పు, వెనక రేవులో పడవలు. వంటింట్లో వరసగా తగిలించిన గరిటెలు. బల్ల మీద ఒకే ఒక్క పువ్వు. నాలుగు రోజులకని తెచ్చుకున్న బట్టలే రోజు విడిచి రోజు ఉతుక్కుని వేసుకుంటున్నాను కాబట్టి నేను మాత్రం ఫోటోల్లో పడకుండా జాగ్రత్తపడ్డాను. ఒక్కో ఫోటో తీయడానికి అరగంట పట్టేది, ఆ అరగంటా మనసు కాస్త నిలకడగా ఉండేది. అది అయిపోగానే మళ్లీ ఫోన్ తెరిచి వీసా స్టేటస్ చూసేదాన్ని. మారేది కాదు. కోటు వేసుకుని రేవు చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. వచ్చి కోటు విప్పకుండానే మళ్లీ చూసేదాన్ని. గ్రూపులో మాత్రం, "సూపర్ ప్లేస్", "లక్కీ నువ్వు", "ఇక రావేమో" అని మెసేజ్‌లు వరసగా వచ్చేవి. ఆంటీ అన్నిటికీ గుండె బొమ్మలు పెట్టేది.

పాప బడికి వెళ్లే ముందు పాలల్లో సీరియల్ తింటూ రోజూ వీడియోలో మాట్లాడేది. అక్కడ ఏడైతే నాకు మధ్యాహ్నం ఒంటిగంట. మొదటి వారమంతా, "అమ్మా, టుమారో వస్తావా?" అని అడిగింది. ఆఫీస్ పని ఇంకా అవలేదని చెప్పాను. రెండో వారం మధ్యలో ఆ ప్రశ్న ఆగిపోయింది. అలవాటు పడిందిలే అనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. దాని మాటలో ఏదో తేడా ఉందని మాత్రం అనిపించేది. గట్టిగా నవ్వేది కాదు, పేచీ పెట్టేది కాదు. నేనేం చూపించినా, "నైస్ లాంప్" అనేది, చుట్టాలింటికి వచ్చిన పిల్లలా మర్యాదగా.

మూడో శనివారం అక్కడ పొద్దున పదింటికి ఫోన్ చేసింది. ఇల్లంతా చూపించమంది. ఫోన్ పట్టుకుని గదులన్నీ తిప్పాను. గోడలో దాచిన వాషింగ్ మెషీన్ తలుపు తీసి చూపిస్తే బాగా దగ్గరికొచ్చి చూసింది.

"డాడీ రూమ్ ఏది?" అంది.

"డాడీ రూమ్ ఏంటమ్మా?"

"నీ న్యూ హౌస్‌లో."

"ఇది హౌస్ కాదు నాన్నా, హోటల్."

"నో. హోటల్‌కి పూల్ ఉంటుంది. వాఫుల్స్ ఉంటాయి. నీకు ప్లేట్స్ ఉన్నాయి, వాషర్ ఉంది. దట్స్ ఎ హౌస్." తర్వాత నిదానంగా చెప్పింది. "ఆంటీ పిక్చర్స్ చూపించింది. మీ అమ్మకి అక్కడ ఎంత బాగుందో చూడు, ఇంక రాదేమో అంది. ఇట్స్ ఓకే అమ్మా. ఇట్స్ ప్రెటీ."

ఆంటీ సరదాకి అన్నది. గ్రూపులో పదిమంది అన్నదే ఆవిడా అన్నది. ఆ మాట పుట్టించింది నేను, అరగంట కూర్చుని వెలుతురు చూసుకుని మరీ. నా పరువు కోసం నేను తీసిన ఫోటోలు చూసి, అమ్మ వేరే ఇల్లు చూసుకుందని నా కూతురు పది రోజులుగా నమ్ముతోంది. నమ్మి, నన్ను బాధపెట్టకూడదని మర్యాదగా మాట్లాడుతోంది.

మా ఆయన ఇచ్చిన హెచ్చరిక గుర్తులేక కాదు. చెప్తే సోమవారం సాయంత్రానికి ఆంటీకి తెలుస్తుంది, మంగళవారానికి అందరికీ తెలుస్తుంది. పులిహోర ప్లేట్లు కూడా కళ్ల ముందు మెదిలాయి. వంటింటి నేల మీద కూలబడి, ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను.

"నేను చెప్పింది తప్పు నాన్నా. ఆఫీస్ పని ఎప్పుడో అయిపోయింది. అమెరికాకి రావాలంటే నా పాస్‌పోర్ట్‌లో ఒక స్టాంప్ కావాలి. అది వేసేవాళ్లు నా పాస్‌పోర్ట్ తీసుకుని ఇంకా ఇవ్వలేదు. ఎప్పుడిస్తారో చెప్పట్లేదు. అది లేకపోతే ప్లేన్ ఎక్కనివ్వరు. నాకీ ఇల్లు వద్దు. రోజూ ఏడుపొస్తోంది."

చెంచా గిన్నెలో పెట్టిన చప్పుడు వినపడింది.

"అంటే నీకు రావాలని ఉందా?"

"ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది."

"ఆంటీకి చెప్పొచ్చా?"

"చెప్పు. ఎవరికైనా చెప్పు."

అప్పటికే ఫోన్ బల్ల మీద పడేసి పరిగెత్తింది. మేడ మెట్లెక్కుతూ గట్టిగా అరుస్తోంది. ఆ అరుపు నేను విని రెండు వారాలైంది.

"డాడీ, అమ్మకి రావాలని ఉందంట."